తడి ఆరకముందే

నీళ్లలోంచి తీసి గాలికి వదిలేస్తే
ఈ రాయి మూడు పూటలు ఆగదు.
ముందు అంచులు లేస్తాయి, వేగిన అప్పడంలా.
తర్వాత పొరకు పొర ఊడి
పొడి.

అందుకే మెసెల్ గోతి దగ్గర ఈ పనిచేసేవాళ్ల వేళ్లు
ఏడాది పొడుగునా నానిపోయే ఉంటాయి.
రోస్‌వీతాకి ఈ బల్ల దగ్గర ముప్పై ఎనిమిదో చలికాలం.
సూది, కుంచె, తడిపిన వార్తాపత్రిక,
ఒక కన్ను ఎప్పుడూ సూక్ష్మదర్శినికి తాకట్టు.

ఇవాళ పలకలో గబ్బిలం.
చూపుడువేలంత ఒళ్లు.
రెక్కలోని వేళ్లు మాత్రం
ఒంటికి మించిన అప్పు.
పేలియోకైరోప్టెరిక్స్.
నోరు తిరగని ఆ పేరు విప్పితే మూడే మాటలు:
పాత, చెయ్యి, రెక్క.
ఆ ఇంటిపేరు నిలిపేవాళ్లు ఇప్పుడెవరూ లేరు,
ఏ గుహలోనూ, ఏ చూరు కిందా.

నాలుగు కోట్ల డెబ్భై లక్షల ఏళ్లు అంటే
చూడ్డానికొచ్చిన బడిపిల్లలు నోరు తెరుస్తారు.
ఆమె గడియారం చూసుకుంటుంది.
అంతకాలం ఆగింది
రేపు మధ్యాహ్నం దాకా ఆగదు.

పొట్ట దగ్గర నల్లటి మరక.
దగ్గరగా చూస్తే పొలుసులు,
చిమ్మెట రెక్కల మీది పొలుసులు,
ఇటుకల్లా వరసగా.
కడసారి భోజనం ఇంకా అరగలేదు.
చీకట్లోకి ఒక కేక వేసి
తిరిగొచ్చిన కేకను పట్టుకుని
పురుగు ఎక్కడుందో పోల్చుకున్న ప్రాణి.
ఆ రాత్రి సరస్సు మీద ఏమైందో,
విషపు గాలి లేచిందో, దాహమే ముంచిందో,
రకరకాలుగా చెబుతారు.
పొట్టలోని చిమ్మెట ఏమీ చెప్పదు.

వాళ్ల నాన్న గొట్‌లీబ్ ఈ గోతిలోనే కూలి.
అప్పుడిది నూనెరాయి గని.
తవ్వడం, బట్టీలో పొయ్యడం, కాచడం, పిండడం.
"రాతిలో రెక్క కనిపిస్తే ఏం చేసేవాళ్లు?"
"బండికి టన్ను లెక్క.
రెక్కల లెక్క ఎవరడిగారే?"

వానకు కరెంటు పోయిన వేసవి రాత్రులు
ఆ రాయి మైనంతో చేసిన కొవ్వొత్తి వెలిగించేది అమ్మ.
కిటికీ సందులోంచి చిమ్మెటలు వచ్చి
మంట చుట్టూ తిరిగి తిరిగి
మైనంలో అంటుకుపోయేవి.
పొద్దున గోటితో గీకేది రోస్‌వీతా.
వేలికి వెండిపొడి.
దేని కొవ్వు చుట్టూ అవి తిరిగాయో
అప్పుడు తెలీదు.
ఇప్పుడు తెలిసి ఏం చెయ్యాలో తెలీదు.

గని మూసేశారు.
గోతిని చెత్తతో పూడ్చుతామన్నారు పైవాళ్లు.
రొట్టెల కొట్టు ఆమె, చర్చి గంట కొట్టే ముసలాయన,
బ్యాంకులో తప్ప ఎక్కడా సంతకం పెట్టని అమ్మ,
అందరూ కాగితం మీద పేర్లు రాశారు.
నాన్న రాయలేదు.
"గొయ్యి గొయ్యే" అన్నాడు.

పోయే ముందు ఏడాది, ఆసుపత్రిలో,
ఉడకబెట్టిన బంగాళదుంప చెంచాతో చిదుపుతూ
ఉన్నట్టుండి చెప్పాడు:
"ఒకసారి నీకోసం తెచ్చాను.
అన్నం డబ్బాలో, చేతిరుమాల్లో చుట్టి.
శుక్రవారం దొరికింది.
నీ పుట్టినరోజు ఆదివారం కదా అని ఆగాను."
చెంచా ఆపాడు.
"తెరిస్తే మసి.
అందులో చిన్న చెయ్యి ఉండేది, నిజంగా.
అయిదు వేళ్లు. లెక్కపెట్టాను."

రోస్‌వీతా జిగురు కలుపుతుంది,
తేనె రంగు, ముక్కు మండే వాసన.
ఎముకల మీద పోస్తే గట్టిపడుతుంది.
అప్పుడు పలక తిరగేసి
రాయినంతా వెనకనుంచి గీకి పారేస్తే
గబ్బిలం తన వీపు తానే మనకు చూపిస్తుంది.
ఆ పని రేపు.
ఒంటి రంగు కూడా తెలిసిపోయిందంటున్నారు,
ఎరుపు కలిసిన గోధుమ అట.
ఆమెకది వేడుక కాదు.
వేళ్లు చూస్తుంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అయిదోది రాయి కిందికి పోయింది.

ఇవాళ్టికి సూది పెట్టేసి
తడి కాగితం కప్పి
మళ్లీ ఇంకోసారి నీళ్లు చల్లి,
తలుపు దాకా వెళ్లి,
వెనక్కొచ్చి,
ఇంకోసారి.